బొడ్డుతాడులోని రక్తము: దాచుటయా, దానమా?

మన ఇండ్లలో పసిబిడ్డ బొడ్డుకు ఒక మర్యాద ఉన్నది. పుట్టిన కొద్దిరోజులకు అది ఎండి రాలిపోతుంది. దానిని పారవేయక పసుపుగుడ్డలో చుట్టి దాచేవారు కొందరు. వెండి తాయెత్తులో పెట్టి బిడ్డ మొలత్రాడుకు కట్టేవారు మరికొందరు. కాని ఆ బొడ్డు ఏ తాడులోని ముక్కయో ఆ తాడుకు గాని, దాని ఆవలి కొసన ఉండే మాయకు గాని ఏ విలువా ఉండేది కాదు. మంత్రసానులు పురుడుపోసే కాలములో వాటిని పెరటిలో గొయ్యి తీసి పూడ్చేవారు. ఆసుపత్రులు వచ్చిన తరువాత అవి ఆసుపత్రి చెత్తలో కలిసిపోయినవి.

ఇప్పుడు ఆ తాడులోను, ఆ మాయలోను మిగిలి ఉండే గుక్కెడు రక్తమునకు గొప్ప విలువ ఏర్పడినది. గర్భిణీస్త్రీ పరీక్షకు వెళ్ళిన చోటనే రంగురంగుల కరపత్రములు కనబడుతున్నవి. "మీ బిడ్డ బొడ్డుతాడు రక్తమును మా వద్ద దాచండి, రేపు ఏ మహావ్యాధి వచ్చినా ఇదే ప్రాణము నిలుపుతుంది" అని వాటి సారాంశము. ఖర్చు వేలకొలది రూపాయలు. సీమంతమునకు, పురిటికి, బారసాలకు సమకూర్చుకొన్న సొమ్ములోనుండి ఇది కూడా తీయవలెనా అని దంపతులు తర్కించుకొంటున్నారు. తీయకపోతే బిడ్డకు అన్యాయము చేసిన వారమౌతామేమో అని తల్లి మనస్సు పీకుతూనే ఉంటుంది. మరొక వైపు, ఈ రక్తమును దానము చేయవచ్చునని కూడా వారు వింటున్నారు. ఏది నిజము? ఏది అతిశయోక్తి? ఈ ప్రసంగములో మేము విచారించదలచినది ఇదే.

ముందుగా ఈ రక్తమునకు ఇంత ప్రశస్తి ఎందుకు వచ్చినదో తెలిసికొందాము.

మన శరీరములో రక్తము నిత్యము పుట్టుతూ, నశిస్తూ ఉంటుంది. ఎర్రకణముల ఆయుర్దాయము దాదాపు 120 రోజులు మాత్రమే. పాతవి పోయిన చోట క్రొత్తవి రావలెను గదా! వాటిని తయారుచేసేది ఎముకలలోని మూలుగ. ఆ మూలుగలో ఉండే విత్తనముల వంటి కణములను మూలకణములు అంటారు. వైద్యులు వాడే మాట స్టెమ్ సెల్స్. ఒక్కొక్క మూలకణము ఎర్రకణముగా, తెల్లకణముగా, రక్తమును గడ్డకట్టించే కణముగా మారగలదు. తనవంటి మూలకణమును మరల పుట్టించనూ గలదు. మూలుగ చెడిపోయిన రోగికి ఆరోగ్యవంతుని మూలుగలోని ఈ విత్తనములను ఎక్కిస్తే, అవి వెళ్ళి రోగి ఎముకలలో నాటుకొని క్రొత్త రక్తమును పండిస్తవి. మూలుగ మార్పిడి చికిత్స అంటే ఇదే.

ఈ విత్తనములు పసిబిడ్డ పుట్టే సమయములో బొడ్డుతాడు రక్తములో కూడా సమృద్ధిగా ఉంటవి. ఈ సంగతి ప్రయోగశాలలలో తెలిసినా, రోగికి పనికివస్తుందో లేదో చాలాకాలము ఎవరికీ తెలియలేదు. అది తేలినది 1988 అక్టోబరులో, పారిస్ నగరములోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో. రోగి అమెరికాకు చెందిన ఐదేండ్ల బాలుడు. అతనికి ఫాంకోనీ రక్తహీనత అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నది. మూలుగ క్రమముగా ఎండిపోయే వ్యాధి అది. అతని తల్లికి ఒక ఆడశిశువు పుట్టినది. ఆ శిశువుకు ఆ వ్యాధి లేదని, ఆమె రక్తపు లక్షణములు అన్నగారితో సరిపోతవని పుట్టుకకు ముందే పరీక్షలలో తెలిసినది. ఆమె బొడ్డుతాడు రక్తమును అమెరికాలో సేకరించినారు. హాల్ బ్రాక్స్‌మయర్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో దానిని ఘనీభవింపజేసి పారిస్ చేర్చినారు. ఎలియాన్ గ్లక్‌మన్ అనే వైద్యురాలు దానిని ఆ బాలునికి ఎక్కించినారు. బాలుడు బ్రతికినాడు, పెరిగి పెద్దవాడైనాడు. ఆ మరుసటి సంవత్సరము, 1989లో, ఈ వృత్తాంతము వైద్యపత్రికలో ప్రకటింపబడినది.

ఈ కథలో శ్రోతలు ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. ఆ బాలుని బ్రతికించినది అతని సొంత బొడ్డుతాడు రక్తము కాదు, చెల్లెలిది. మన విచారణ అంతా ఈ ఒక్క విషయము చుట్టే తిరుగుతుంది.

పారిస్ చికిత్స తరువాత, చెల్లెలి రక్తము అన్నకు పనికివస్తే, ఎవరో తెలియని బిడ్డ రక్తము మరెవరో తెలియని రోగికి ఎందుకు పనికిరాదు అనే ప్రశ్న పుట్టినది. న్యూయార్కు రక్తనిధి కేంద్రములో పాబ్లో రూబిన్‌స్టీన్ అనే వైద్యుడు 1992లో, దానముగా ఇచ్చిన బొడ్డుతాడు రక్తమును నిలవచేసే ప్రజానిధిని ప్రారంభించినారు. మరుసటి సంవత్సరమే అక్కడి రక్తముతో, బంధుత్వము లేని రోగికి తొలి చికిత్స జరిగినది. నాటినుండి నేటివరకు లోకములో వేలకొలది రోగులు, అందులోనూ పిల్లలు, ఈ విధముగా చికిత్స పొందినారు.

ఈ రక్తములో ఉన్న సుగుణమేమిటంటే, ఇది పసిరక్తము. పరాయి శరీరముతో పెద్దల మూలుగ పెట్టుకొన్నంత కలహము ఇది పెట్టుకొనదు. పెద్దవారి మూలుగ ఇచ్చేటప్పుడు దాత లక్షణములు రోగితో దాదాపు పూర్తిగా సరిపోవలెను. బొడ్డుతాడు రక్తము విషయములో, ముఖ్యముగా చూచే ఆరు లక్షణములలో నాలుగు సరిపోయినా చికిత్స చేయవచ్చును. పైగా అది ముందే పరీక్ష చేసి సిద్ధముగా ఉంచినది. దాతను వెదకి, ఒప్పించి, పిలిపించే కాలహరణము ఉండదు.

సుగుణముతోపాటు లోపము కూడా ఉన్నది. ఒక కానుపులో దొరికే రక్తము చాల తక్కువ. సాధారణముగా అరువది మిల్లీలీటర్లనుండి నూటయేబది మిల్లీలీటర్ల వరకు. చికిత్సకు రోగి బరువులో ప్రతి కిలోకు కనీసము రెండున్నర కోట్ల కణములు కావలెనని లెక్క. ఇరువది కిలోల పిల్లవానికి యాబది కోట్లు చాలును; అరువది కిలోల పెద్దవానికి నూటయేబది కోట్లు కావలెను. ఒక సంచిలో సామాన్యముగా దొరికేవి నూరు కోట్ల ప్రాంతము. అనేక పర్యాయములు అంతకంటే తక్కువ. అందుచేత పెద్దవారికి ఒక్క బిడ్డ రక్తము చాలక, రెండు సంచులు కలిపి ఎక్కించవలసి వస్తుంది. ఇంతేగాక, ఈ విత్తనములు నాటుకొనడానికి మూలుగకన్న ఎక్కువ రోజులు పడుతుంది. ఆ లోపున రోగిని అంటువ్యాధులనుండి కాపాడడము కష్టము.

ఇక సేకరణ విధానము. బిడ్డ పుట్టి, బొడ్డు కోసిన తరువాత, మాయవైపు మిగిలిన తాడులోని నరమునకు సూది గ్రుచ్చుతారు. రక్తము తనంతట తానే క్రిందనున్న సంచిలోనికి జారుతుంది. కొద్ది నిమిషముల పని. తల్లికి నొప్పి లేదు. బిడ్డకు సూది తగలదు. ఆ సంచిని సాధారణముగా నలుబది యెనిమిది గంటలలోగా నిధికి చేరుస్తారు. తల్లి రక్తమును కూడా తీసి, కామెర్లకు కారణమైన హెపటైటిస్, ఎయిడ్స్, సిఫిలిస్ మొదలైన రోగములు లేవని పరీక్షిస్తారు. తరువాత కణములను వేరుచేసి, చల్లదనమునకు చెడిపోకుండా ఒక ద్రవమును కలిపి, క్రమక్రమముగా చల్లార్చి, సున్నాకు 196 డిగ్రీల క్రింద ఉండే ద్రవనత్రజనిలో నిలవచేస్తారు. సరిగా నిలవచేసిన రక్తములోని కణములు ఇరువదేండ్లు దాటినా సజీవముగా ఉన్నట్లు పరీక్షలలో తేలినది.

నిలవచేసే నిధులు రెండు రకములు. మొదటిది ప్రజానిధి. ఇక్కడ రక్తము ఇచ్చినవారు రుసుము చెల్లించనక్కరలేదు. ఇచ్చిన తరువాత అది వారిది కాదు. లక్షణములు సరిపోయిన ఏ రోగికైనా ఇస్తారు. రెండవది ప్రైవేటు నిధి. ఇక్కడ రుసుము కట్టినవారి రక్తమును వారి కుటుంబము కొరకే దాస్తారు. కొన్ని సంస్థలు ఈ మధ్య మూడవ పద్ధతిని పెట్టినవి: రుసుము కట్టినవారందరి రక్తమును ఉమ్మడిగా ఉంచి, ఆ సభ్యులలో ఎవరికి అవసరము కలిగినా వాడుకొనవచ్చును అంటారు. కరపత్రములు వచ్చేది ఈ రెండవ, మూడవ రకముల నుండియే గాని, మొదటి రకమునుండి కాదు.

ప్రైవేటు నిధివారు దీనిని ఆయుర్భీమాతో పోలుస్తారు. ఆ పోలిక నిలుస్తుందా? భీమా అంటే ఆపద వచ్చినప్పుడు అక్కరకు వచ్చేది. బిడ్డకు ఆపద వచ్చినప్పుడు ఆ బిడ్డ సొంత రక్తము అక్కరకు వస్తుందా అనేది చూడవలెను.

మన ప్రాంతములో ఎరిగిన వ్యాధినే తీసుకొందాము: తలసీమియా. ఈ వ్యాధి ఉన్న బిడ్డకు ఎర్రరక్తము సరిగా తయారు కాదు. రెండు నుండి నాలుగు వారములకు ఒకసారి పరాయి రక్తము ఎక్కిస్తూ ఉండవలెను. ఇది తల్లిదండ్రులనుండి వచ్చే జన్యుదోషము. దోషము బిడ్డ ప్రతి కణములోను ఉన్నది. బొడ్డుతాడు రక్తములోని ప్రతి మూలకణములోను ఉన్నది. ఆ విత్తనమును తెచ్చి ఆ పొలములోనే మరల చల్లితే పండేది మునుపటి పంటయే. సికిల్ సెల్ వ్యాధి సంగతీ ఇంతే. పారిస్ బాలుని వ్యాధి సంగతీ ఇంతే. సొంత రక్తము ఈ వ్యాధులను నయము చేయజాలదు.

మరి రక్తపు క్యాన్సరు? పిల్లలకు వచ్చే కొన్ని రక్తపు క్యాన్సర్లలో, వ్యాధి బయటపడడానికి ఎన్నో ఏండ్ల ముందే, పుట్టిననాటి రక్తములోనే ఆ దోషకణముల జాడ ఉన్నట్లు కనుగొన్నారు. అటువంటి రక్తమును ఎక్కించడము తీసివేసిన కలుపును మరల నాటడమే. పైగా ఈ చికిత్సలో పరాయి కణములకు ఒక ప్రత్యేకమైన ఉపయోగము ఉన్నది: రోగి శరీరములో ఇంకా దాగి ఉన్న క్యాన్సరు కణములను అవి శత్రువులుగా గుర్తించి చంపుతవి. సొంత కణములకు ఆ చూపు ఉండదు.

ఇన్ని మినహాయింపులు పోగా, దాచిన రక్తము ఆ బిడ్డకే పనికివచ్చే అవకాశము ఎంత? అమెరికాలోని మూలుగ మార్పిడి నిపుణుల సంఘము 2008లో దీనిని అంచనా వేసినది. మొదటి ఇరువదేండ్లలో ఆ అవకాశము 2,500 మందిలో ఒకరికి మొదలు 2,00,000 మందిలో ఒకరికి వరకు అని తేల్చినది. మన దేశములోని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములలో, సొంత ఉపయోగము కొరకు ఈ రక్తమును దాచడానికి శాస్త్రీయమైన ఆధారము లేదని స్పష్టముగా చెప్పినది. 2018లో భారత శిశువైద్యుల సంఘము కూడా, దీనిని జీవభీమాగా ప్రచారము చేయరాదని తీర్మానించినది.

కరపత్రములలో ఎనుబది వ్యాధుల జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితా అబద్ధము కాదు. అందులో ఉన్నవి మూలకణ చికిత్సకు లొంగే వ్యాధులే. కాని ఆ వ్యాధులలో చాలవాటికి కావలసినది ఇతరుల మూలకణములు. ఈ ఒక్క మాట అక్కడ చిన్న అక్షరములలోనైనా కనబడదు. ఆటిజము, మెదడు దెబ్బతిన్న పిల్లల అవిటితనము మొదలైన వాటిని గురించి కూడా ఆశలు కల్పిస్తున్నారు. పరిశోధనలు జరుగుతున్న మాట నిజము. కాని పరిశోధన వేరు, సిద్ధమైన చికిత్స వేరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు ఆటిజము గల పిల్లలపై జరిపిన పరీక్ష ఫలితములు 2020లో వెలువడినవి. ప్రధానముగా కొలువదలచిన నడవడిలో, ఈ రక్తము ఎక్కించుకొన్న పిల్లలకు ఎక్కించుకొనని పిల్లలకన్న మెరుగు కనబడలేదు.

రక్తముతోపాటు బొడ్డుతాడు కండను, పాలపండ్ల లోపలి గుజ్జును కూడా దాచుతామనే వారున్నారు. పైన చెప్పిన 2017 మార్గదర్శకముల ప్రకారము అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తమును నిలవచేయడానికి మాత్రమే. తక్కిన వాటికి లేదు.

అయితే ఈ రక్తమును దాచడము ఎన్నటికీ తగని పనియా? కాదు. దాచితీరవలసిన సందర్భము ఒకటి ఉన్నది. ఇంటిలో మూలకణ చికిత్సకు లొంగే వ్యాధితో బాధపడే పెద్దబిడ్డ ఉండి, తల్లి మరల గర్భవతి అయితే, పుట్టబోయే బిడ్డ రక్తమును తప్పక సేకరించి దాచవలెను. వైద్య పరిశోధన మండలివారు కూడా దీనిని సమర్థిస్తున్నారు. 1988లో పారిస్‌లో జరిగినది ఇదే గదా!

ఇక్కడ కూడా లెక్కను ఎరిగి ఉండడము మంచిది. తోడబుట్టినవారి లక్షణములు పూర్తిగా సరిపోయే అవకాశము నాలుగింట ఒకవంతు. తల్లిదండ్రులిద్దరిలోను తలసీమియా దోషము దాగి ఉన్నప్పుడు, పుట్టబోయే బిడ్డకు వ్యాధి లేకుండా ఉండే అవకాశము నాలుగింట మూడువంతులు. ఈ రెండును కలిసిరావలెను. అంటే పదునారింట మూడు పాళ్ళు. అది పెద్ద అవకాశము కాదు. కాని బిడ్డకు జీవితాంతము రక్తము ఎక్కించవలసిన ఇంటికి అది చిన్న అవకాశమూ కాదు. రెండులక్షలలో ఒక వంతునకు, పదునారింట మూడు వంతులకు ఉన్న తేడాయే భయముతో చేసే ఖర్చుకు, వివేకముతో చేసే ఖర్చుకు ఉన్న తేడా. అటువంటి ఇంటివారు ప్రకటనలు చూచి నిర్ణయించుకొనరాదు. బిడ్డకు చికిత్స చేస్తున్న రక్తవ్యాధుల నిపుణుని, కానుపు చేయబోయే వైద్యురాలిని నెలలు నిండకముందే సంప్రదించవలెను. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థల సలహా కూడా తీసుకొనవచ్చును.

ఈ సందర్భములో మరొక మాట. తలసీమియాను ఎదుర్కొనడానికి బొడ్డుతాడు రక్తమును దాచడముకన్న చౌకయైన ఉపాయము ఉన్నది. గర్భము నిలిచిన తొలినెలలలోనే భార్యకు, అవసరమైతే భర్తకు, ఈ దోషము ఉన్నదీ లేనిదీ తెలిపే రక్తపరీక్ష చేయించడము. దోషము ఒక్కరిలోనే ఉంటే బిడ్డకు తీవ్రవ్యాధి రాదు. ఇద్దరిలోనూ ఉంటే ఏమి చేయవలెనో వైద్యులు సకాలములో చెప్పగలరు. దాచడానికి వేలు పెట్టే ఇండ్లలో కూడా ఈ పరీక్షను మరచిపోవడము జరుగుతున్నది.

ఇప్పటివరకు ఈ రక్తము ఎవరికి ఇవ్వవలెను, ఎవరికొరకు దాచవలెను అని మాట్లాడుకొన్నాము. అందరికన్న ముందు దీనిమీద హక్కు గలవారు ఒకరున్నారు. ఆ క్షణమున పుట్టిన బిడ్డయే ఆ హక్కుదారు.

బిడ్డ భూమిమీద పడే సమయములో, తల్లి గర్భములో ఆ బిడ్డకొరకు తిరిగిన రక్తములో ఇంచుమించు మూడవవంతు ఇంకా మాయలోనే ఉంటుంది. బొడ్డును వెంటనే కోయక కొంచెము ఆగితే, ఆ రక్తము తాడుగుండా బిడ్డలోనికి ప్రవహిస్తుంది. మొదటి నిమిషములో దాదాపు ఎనుబది మిల్లీలీటర్లు, మూడవ నిమిషమునకు దాదాపు నూరు మిల్లీలీటర్లు చేరుతుంది. మూడు కిలోల బిడ్డ ఒంటిలో ఉండే రక్తమంతా సుమారు రెండువందల నలుబది మిల్లీలీటర్లు అని తలచుకొంటే ఈ నూరు ఎంత పెద్దదో తెలుస్తుంది. దానితో బిడ్డకు దక్కే ఇనుము, తొలి ఆరునెలలలో ఇనుము కొరత రాకుండా కాపాడే పెట్టుబడి. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఒక నిమిషమైనా గడవకుండా బొడ్డు కోయరాదని చెప్పుతున్నది. 2018లో మన ప్రభుత్వము ప్రారంభించిన రక్తహీనత నిర్మూలన కార్యక్రమము, అనీమియా ముక్త్ భారత్, ఈ ఆలస్యమును తన పద్ధతులలో ఒకటిగా చేర్చినది. కారణము లేకపోలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, ఆరునెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది.

బిడ్డ ఊపిరి తీయకపోయినా, తల్లికి ఆపద కలిగినా బొడ్డును వెంటనే కోయవలసి రావచ్చును. ఆ నిర్ణయము వైద్యులది. తక్కిన కానుపులలో మాత్రము, సంచి నింపడము కొరకు తొందరపడి బొడ్డు కోయడము న్యాయము కాదు. ఆలస్యముగా కోస్తే సంచిలో పడే రక్తము తగ్గుతుంది; ఒక్కొక్కప్పుడు దాచడానికి చాలనంత తగ్గుతుంది. తగ్గినా మంచిదే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘము 2019లో, రక్తసేకరణ కొరకు బొడ్డుకోసే పద్ధతిని మార్చరాదని చెప్పినది. ఇంటిలో జబ్బుగా ఉన్న బిడ్డ కొరకు సేకరించే అరుదైన సందర్భమునకు మాత్రమే మినహాయింపు ఇచ్చినది. రెండులక్షలలో ఒక అవకాశము కొరకు, నేడు తప్పక ఉపయోగపడే నూరు మిల్లీలీటర్లను బిడ్డ నోటి ముందునుండి తీయడము ఏపాటి భీమా?

ఇక దానము మాట. బిడ్డకు చేరవలసినది చేరిన తరువాత మిగిలినదానిని దానము చేయగల అవకాశము ఉంటే, అంతకన్న మంచి పని లేదు. ప్రజానిధిలోని ప్రతి సంచి లోకములోని రోగులందరికొరకు వెదకదగినది. ప్రైవేటు నిధిలోని సంచి ఒక్క ఇంటికొరకు తాళము వేసినది. ఒక జాతివారి లక్షణములు ఆ జాతివారితోనే ఎక్కువగా సరిపోతవి గనుక, తెలుగు రోగికి సరిపోయే రక్తము తెలుగు ఇండ్లలో దొరికే ఆశ ఎక్కువ. కాని మన దేశములో ప్రజానిధులు చాల తక్కువ. నిధి ఉన్న చోట కూడా ముందుగా దానితో ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలోనే సేకరణ జరుగుతుంది. సేకరించిన వాటిలో కణములు చాలని సంచులను అధికభాగము విడిచిపెడతారు. అందుచేత దానము చేయదలచినవారు ఏడవనెలలోనే తమ ఆసుపత్రిని విచారించవలెను. అక్కడ ఆ వీలు లేదంటే విచారపడనక్కరలేదు.

ఎందుచేతనంటే, ఈ దానమునకు మరొక ద్వారము తెరచి ఉన్నది. మూలకణములు బొడ్డుతాడులోనే కాదు, మనందరి మూలుగలోను ఉన్నవి. ఆరోగ్యవంతుడైన యువకుడు గాని, యువతి గాని మూలకణ దాతల పట్టికలో పేరు నమోదు చేసికొనవచ్చును. 2009లో చెన్నై నగరము కేంద్రముగా వెలసిన దాత్రి అనే సంస్థ ఇటువంటి పట్టికను నడుపుతున్నది. నమోదుకు కావలసినది బుగ్గ లోపలి తడి మాత్రమే. దానిని దూదిపుల్లతో తీసి లక్షణములను పరీక్షిస్తారు. ఎక్కడైనా సరిపోయే రోగి కనబడితే అప్పుడు పిలుస్తారు. చాల పర్యాయములు రక్తదానము వలెనే చేతి నరమునుండి కణములను వేరుచేస్తారు. దాత శరీరము ఆ లోటును కొద్దివారములలో పూడ్చుకొంటుంది. ఇంతేగాక, గత పదిపదునైదేండ్లలో, సగము లక్షణములు మాత్రమే సరిపోయే తల్లి మూలుగను గాని, తండ్రి మూలుగను గాని బిడ్డకు ఇచ్చే పద్ధతి బాగా మెరుగుపడినది. బొడ్డుతాడు రక్తము దాచలేదు గనుక దారులన్నీ మూసుకొనిపోయినవి అనే భయమునకు ఇప్పుడు తావు లేదు.

ఇంత విన్న తరువాత కూడా, కలిగినవారు కొందరు, ఏమో, ఉంటే మంచిదే గదా అని దాచదలచవచ్చును. అది వారి స్వాతంత్ర్యము. కాని సంతకము పెట్టకముందు కొన్ని ప్రశ్నలు వేయవలెను. సంస్థకు ప్రభుత్వపు లైసెన్సు ఉన్నదా? సంచిలో ఎన్ని కణములు దొరికినవో వ్రాతమూలకముగా ఇస్తారా? తగినన్ని లేకపోతే రుసుము తిరిగి ఇస్తారా? ఏటేట కట్టవలసినది ఎంత? కట్టలేకపోతే ఆ రక్తమును ఏమి చేస్తారు? సంస్థ మూతబడితే బాధ్యత ఎవరిది? ఇప్పటివరకు ఎందరికి, ఏయే వ్యాధులకు, తమ వద్ద దాచిన రక్తమును చికిత్సకు ఇచ్చినారు? అందులో సొంత బిడ్డకు ఇచ్చినవి ఎన్ని? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినవలెను. ఈ ప్రశ్నలు కానుపునొప్పుల వేళ అడిగేవి కావు. ఆ కాగితము మీద ఆ వేళ ఎవరు సంతకము అడిగినా, పెట్టనక్కరలేదు.

దాచలేకపోయిన తల్లిదండ్రులకు మేము చెప్పదలచినది ఒక్కటే. మీరు మీ బిడ్డకు ఏ లోటూ చేయలేదు. గర్భిణీకి ఇనుము మాత్రలు, కడుపునిండ తిండి, తలసీమియా పరీక్ష, బొడ్డు కోయడములో ఒకటి రెండు నిమిషముల ఓపిక, పుట్టిన గంటలోపల తల్లిపాలు, వేళకు టీకాలు. ఇవి ఏ ద్రవనత్రజనిలోను దాచనక్కరలేని రక్షలు. వీటికయ్యే ఖర్చు స్వల్పము. వీటి ఫలము ప్రతి బిడ్డకూ అందుతుంది.

ఎండిన బొడ్డును తాయెత్తులో దాచిన అవ్వ దానివలన రోగము కుదురుతుందని ఎవరినుండీ రుసుము వసూలు చేయలేదు. అది మమకారము, దానిని అట్లే ఉండనివ్వవచ్చును. శాస్త్రము పేరిట ఆ మమకారమునకు ఎవరైనా వెల కట్టినప్పుడు, ఆ శాస్త్రము నిజముగా ఏమి చెప్పుచున్నదో అడిగి తెలిసికొనడము మన విధి. బొడ్డుతాడు రక్తము మొదట బిడ్డది. తరువాత, ఇంటిలో జబ్బుగా ఉన్న తోబుట్టువు ఉంటే ఆ తోబుట్టువుది. వీలున్న చోట, ముఖమెరుగని రోగిది. ఈ వరుసను గుర్తుంచుకొన్న ఇంటిలో కరపత్రము చూచి కలవరపడవలసిన పని ఉండదు.